రోడ్డు ఎప్పుడు వేస్తారు, మేయర్ గారూ? – అపోహలు, వాస్తవాలు

మేయర్‌గా నేను ఏ డివిజన్‌కు వెళ్లినా మొదటి ప్రశ్న రోడ్డు గురించే. తరువాత కుళాయి నీళ్లు. మురుగు కాలువ ఊసు వానాకాలంలో తప్ప ఎవరూ ఎత్తరు. పనులు జరగాల్సిన వరుస మాత్రం ఇది కాదు: ముందు భూమిలో గొట్టాలు, తరువాత కాలువ, ఆఖరున రోడ్డు. మీ వీధికి రోడ్డు ఆలస్యమైందంటే చాలాసార్లు కారణం దాని కింద ఉంటుంది.

అపోహ: నిధులు మూలుగుతున్నాయి, మేయర్ తలచుకుంటే రేపే రోడ్డు పడుతుంది.

వాస్తవం: ఖాతాలో డబ్బు ఉండటం వేరు, దాన్ని దేనికి వాడవచ్చన్నది వేరు. మనలాంటి పది లక్షల లోపు జనాభా నగరాలకు 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి సిఫారసు చేసిన గ్రాంట్లలో 60 శాతానికి షరతు పెట్టారు: సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. వాటితో రోడ్డు వేసి ఉంటే ఆడిట్ అభ్యంతరం తప్పేది కాదు. వీధి రోడ్డుకు మిగిలినవి షరతు లేని ఆ 40 శాతం, మీరు కట్టే ఆస్తి పన్ను. వీధిదీపాల కరెంటు బిల్లు కూడా ఆ పన్ను డబ్బులోంచే పోవాలి.

అపోహ: వేసిన రోడ్డును తవ్వేది కాంట్రాక్టర్ల కడుపు నింపడానికే.

వాస్తవం: శాఖల మధ్య పొంతన లేక తవ్విన రోడ్లూ ఉన్నాయి, కాదనను. కానీ “కుళాయి కనెక్షన్ కావలసిన వారు ఇప్పుడే తీసుకోండి” అని ముందుగా మైకులో చెప్పిస్తే రాని దరఖాస్తు, రోడ్డు పడిన నెలకు వస్తుంది. అందుకే ఇప్పుడు ఖాళీ స్థలాలకు కూడా రోడ్డు అంచు దాకా గొట్టం తెచ్చి, మూత బిగించాకే రోడ్డు పనిని కౌన్సిల్ ఎజెండాలో పెట్టమంటున్నాను.

అపోహ: సిమెంటు రోడ్డు రెండు రోజుల్లో గట్టిపడుతుంది, ఆపైన దారి మూయడం వేధింపే.

వాస్తవం: గట్టిపడేది పైకి. కాంక్రీటు బలాన్ని లెక్కగట్టేది 28వ రోజున. అందాకా బరువు పడకూడదు, తొలి రెండు వారాలూ తడి ఆరకూడదు. రాత్రి ఎవరో అడ్డుకర్ర తీసి ట్రాక్టరు తోలుతారు. మట్టితో కట్టిన మడి తెగి నీళ్లన్నీ కాలువపాలు. నెర్రెలు విచ్చాక “నాణ్యత చూడండి” అని ఫొటో నాకే వస్తుంది.

అపోహ: చివరి వీధికి నీళ్లు అందకపోతే ఇంకో ట్యాంకు కట్టాలి.

వాస్తవం: కొన్నిచోట్ల నిజంగానే కట్టాలి. చాలాచోట్ల అసలు కారణం మోటార్లు. ట్యాంకు నీళ్లు ఎత్తు బలంతో పారతాయి. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ఒత్తిడి వస్తుంది. పై వీధుల వాళ్లు కుళాయికి నేరుగా మోటారు బిగిస్తే కింది వీధిలో వచ్చేది గాలి చప్పుడే. అంతకంటే ప్రమాదం ఇంకొకటి: గొట్టంలో ఒత్తిడి పడిపోతే, కాలువ పక్కన లీకు ఉన్నచోట మురుగు లోపలికి చేరుతుంది. చివరి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలి. చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, క్లోరిన్ ఉందో లేదో చూపే మందు చుక్కలు వేస్తే పసుపు రంగు తేలాలి. మురుగు కలిస్తే క్లోరిన్ ఖర్చయిపోయి ఆ రంగు సరిగా రాదు, ఎన్ని ట్యాంకులు కట్టినా సరే.

మోటార్లు తీయించమని సిబ్బందిని పంపిన రోజు నాకు మొదట ఫోను చేసేది యజమాని కాదు, ఆ డివిజన్ కార్పొరేటర్. ఆయనకూ ఈ రంగు కథే చెబుతున్నాను.