ఆవగింజంత భూతద్దం

ఈ అక్షరాలను మెల్లగా ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూడండి. దగ్గరయ్యేకొద్దీ పెద్దవవుతాయి. ఒక హద్దు దాటాక మాత్రం అలుక్కుపోతాయి. పెద్దవాళ్ల కంటికి ఆ హద్దు దాదాపు 25 సెంటీమీటర్లు. పిల్లలు ఇంకా దగ్గరగా చూడగలరు. చత్వారం వచ్చిన తాతయ్యకేమో పేపరు చేయి చాపి పట్టుకుంటే తప్ప కుదరదు.

అంటే చిన్నదాన్ని పెద్దగా చూడాలంటే దగ్గరికి తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే కన్ను ఒప్పుకోదు. ఈ తగువు తీర్చేదే భూతద్దం.

దాన్ని వేళ్లతో తడిమితే మధ్యలో ఉబ్బు, అంచుల్లో పలచన తెలుస్తాయి. సైన్సు పుస్తకంలో దీని పేరు కుంభాకార కటకం. వెలుగు గాలిలో సెకనుకు దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. గాజులోకి రాగానే ఆ వేగం సుమారు 2 లక్షలకు పడిపోతుంది. అందుకే ఏటవాలుగా తగిలిన కిరణం అక్కడ వంగుతుంది. అద్దం ఉబ్బెత్తుగా ఉంది కాబట్టి కిరణాలన్నీ మధ్యకే వంగి, అవతల ఒకచోట కలుస్తాయి. అది నాభి. ఎండలో కాగితం కాలేది అక్కడే. (భూతద్దంలోంచి సూర్యుణ్ణి ఎప్పుడూ చూడొద్దు, చూపు పోతుంది.)

ఒక చీమను నాభి కన్నా దగ్గరగా ఉంచారనుకోండి. చీమ నుంచి బాగా విచ్చుకుని వచ్చే కిరణాలను అద్దం కాస్త దగ్గరికి చేరుస్తుంది. అవి దూరంగా ఉన్న ఏదో పెద్ద చీమ నుంచి వస్తున్నట్టు కన్ను భ్రమపడుతుంది. దూరంగా ఉన్నట్టే కాబట్టి అలుక్కుపోదు.

నీళ్లు నింపిన గాజు గోళంలోంచి చూస్తే అక్షరాలు పెద్దవవుతాయని రోమ్‌లో సెనెకా అనే తత్వవేత్త ఒకటో శతాబ్దంలోనే రాశాడు. 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో కళ్లజోళ్లు వచ్చాయి. అసలు మజా మాత్రం నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో, ఆంటొనీ వాన్ లీవెన్‌హుక్ అనే బట్టల వ్యాపారి దగ్గర మొదలైంది. బట్ట నాణ్యత తేల్చడానికి ఆ వ్యాపారులు భూతద్దంతో పోగులు లెక్కపెట్టేవారు.

అద్దం ఎంత చిన్నగా, గుండ్రంగా ఉంటే నాభి అంత దగ్గరవుతుంది, వస్తువు అంత పెద్దగా కనిపిస్తుంది. లీవెన్‌హుక్ ఆవగింజంత గాజు కటకాలు చేసి, రెండు లోహపు రేకుల మధ్య బిగించాడు. చూడాల్సినదాన్ని సూది మొనకు గుచ్చి, మరలు తిప్పుతూ, రేకును కంటికి ఆనించి చూసేవాడు. అతని కటకాల్లో ఒకటి దాదాపు 270 రెట్లు పెద్దగా చూపిస్తుంది. అప్పట్లో రెండు మూడు అద్దాల మైక్రోస్కోపులూ ఉన్నాయి, కానీ వాటిలో బొమ్మ మసకగా, రంగుల అంచులతో కనిపించేది.

1674లో చెరువు నీళ్లలో కదిలే ప్రాణులను చూశాడు. 1683లో తన పంటి పాచి తీసి చూసి, మా దేశంలో ఉన్న జనం కన్నా నా నోట్లో ఉన్న ప్రాణులే ఎక్కువని శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీకి రాశాడు. అప్పటి పండితుల భాష లాటిన్ అతనికి రాదు, కాలేజీ చదువు లేదు. అంతకు ముందు అతను నీళ్లలో చూశానన్న ప్రాణులను ఆ సొసైటీ మొదట నమ్మలేదు. 1677లో అందులోని శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ స్వయంగా చూపించాక ఒప్పుకుంది. ఇంత చేసినవాడు, మేలైన కటకాల గుట్టు మాత్రం ఎవరికీ చెప్పలేదు!

మీకు గాజు కటకం అక్కర్లేదు. అమ్మనడిగి ఫోన్‌లో తెల్లటి బొమ్మ పెట్టి, తెర మీద ఒక చిన్న నీటిబొట్టు వేయండి. బొట్టులో తెలుపు కనిపించదు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు కనిపిస్తాయి. పక్కనే కాస్త పెద్ద బొట్టు వేసి, ఏది ఎక్కువ పెద్దగా చూపిస్తుందో పోల్చండి.