తీగ మీద నడిచే ఊరు

తిరుపతి

చిట్టికీ, బుజ్జిగాడికీ తాత ఆశీస్సులు.

మొన్న ఘాట్ రోడ్డులో నిమ్మకాయ ముక్కు దగ్గర పెట్టుకుని, "తాతా, తీగ మీద పోయే పెట్టెలు మనకెందుకు లేవు?" అని అడిగావు చిట్టీ. బస్సు మోతలో సరిగా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నా.

బొలీవియా దేశంలో లా పాజ్ అని ఒక ఊరుంది. గిన్నెలాంటి లోయలో అది, గిన్నె అంచు మీద ఎల్ ఆల్టో అనే ఇంకో ఊరు. మధ్యలో సుమారు 400 మీటర్ల ఎత్తు. జనం పొద్దున పనికి కిందికి దిగాలి, సాయంత్రం పైకెక్కాలి. దారంతా మలుపులు, మినీబస్సులు, ట్రాఫిక్. 2014 మే నెలలో అక్కడ మొదటి కేబుల్ కార్ లైను, ఎర్రది, మొదలైంది. అదే ఏడాది పసుపు, ఆకుపచ్చ లైన్లు వచ్చాయి. మూడూ వాళ్ల జెండా రంగులే. 2019 మార్చికల్లా పది లైన్లయ్యాయి. మనకు సిటీ బస్సు ఎట్లాగో వాళ్లకు అవి అట్లాగ.

తీగ ఎక్కడా ఆగదు. బావి గిలక మీద చేంతాడులా తిరుగుతూనే ఉంటుంది. పెట్టె నెత్తిన బట్టల క్లిప్పులాంటి పట్టు ఉంటుంది. స్టేషన్‌లోకి రాగానే ఆ పట్టు తీగను వదిలేస్తుంది. పెట్టె మెల్లగా జరుగుతుంటే తలుపులు తెరుచుకుంటాయి, జనం మూటలతో ఎక్కుతారు. తలుపులు మూసుకున్నాక చిన్న చక్రాలు పెట్టెను తీగ వేగానికి తోస్తాయి, పట్టు మళ్లీ తీగను కరుచుకుంటుంది.

బుజ్జీ, నీకో లెక్క. పెట్టెకు పదిమంది, 12 సెకన్లకొక పెట్టె. గంటకు ఒక వైపు 3,000 మంది! అంతకుమించి వస్తే క్యూలో నిలబడాల్సిందే. పైగా తీగ తిన్నగానే పోతుంది, మలుపు తిప్పాలంటే అక్కడొక స్టేషన్ కట్టాలి. 2019లో వచ్చిన వెండి రంగు లైను చిన్నదే, కానీ ఎల్ ఆల్టో అంచున ఎర్ర, ఊదా, పసుపు లైన్లను కలిపింది. నాకు పదింటిలో అదే ఎక్కువ నచ్చింది. ఇక మీదట ఇంకో లైను వేసినా, ఎంత దూరం పోతుందని కాదు, వేటిని కలుపుతుందని చూడాలి.

మన కొండకు 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండోది వచ్చాయి. రెండోది పడ్డాకే ఎక్కే బండ్లకు ఒక దారి, దిగే బండ్లకు ఒక దారి అయింది. ఇక్కడ తీగ వేయాలంటే మాత్రం, ఇది శేషాచలం అడవి, స్వామి కొండ. ఒక్క స్తంభం పాతాలన్నా నాకు మనసొప్పదు.

దసరా సెలవులకు రండి. అలిపిరి దగ్గర నిలబడి గంటలో ఎన్ని బస్సులు పైకెక్కుతాయో లెక్కపెడదాం. గడియారం నేను తెస్తా, నోటుబుక్కు నువ్వు తే బుజ్జీ.

మీ తాత