మోచె కుండది ఏ ఊరు? 1989 తీర్పు దగ్గరే ఉంది చిక్కు

పారిస్‌లో మోచె కుండలు, అంటే పెరూ ప్రాచీన మోచె నాగరికతవి, వేలానికి వస్తాయి. అవి మావి, ఆపండి అంటుంది పెరూ. ఎప్పుడో కొన్న పాత కలెక్షన్ అంటారు అమ్మేవాళ్ళు. ఈ తంతు అర్థం కావాలంటే స్పానిష్ దండయాత్ర దాకా పోనక్కర్లేదు, 1989 నాటి ఒక అమెరికా కోర్టు తీర్పు చాలు.

ముందు కుండ సంగతి. పెరూ ఉత్తర తీరపు మోచె కుమ్మరులకు సారె లేదు. ఆ మాటకొస్తే స్పానిష్‌వాళ్ళు వచ్చేదాకా ఆండీస్‌లో ఎవరికీ లేదు. రెండు ముక్కల మట్టి అచ్చులో బంకమన్ను వేళ్ళతో అదిమి, ఆ రెండు సగాలను అతికేవారు. పగిలిన కుండ లోపలివైపు చూస్తే ఆ వేళ్ళ గుంటలు ఇప్పటికీ కనిపిస్తాయి. పైన రికాబులా వంగిన బోలు గొట్టం, దాని నడినెత్తిన మూతి. మీగడరంగు, ఎర్రమట్టి పూతలు పూసి, నున్నగా రుద్ది కాల్చేవారు. ఆ మూతి అంచు తీరును బట్టి పెరూ పురావస్తు పరిశోధకుడు రాఫెల్ లార్కో ఓయ్‌లె 1948లో మోచె కుండలను ఐదు దశలుగా విడగొట్టాడు. అంటే కుండను చూసి కాలం చెప్పొచ్చు. ఏ సమాధిలోంచి తీశారో మాత్రం చెప్పలేం. ఒకే అచ్చులోంచి ఎన్ని తోబుట్టువులైనా రావచ్చు మరి.

పెరూ కొంప ముంచింది ఇదే. 1987లో ఆ ఉత్తర తీరంలోనే సిపాన్ అనేచోట ఒక మోచె సమాధిని దొంగలు తవ్వారు. పురావస్తువేత్త వాల్టర్ ఆల్వా వెళ్ళేసరికే కొంత సరుకు దాటిపోయింది. ఆ గొడవలోనే కాలిఫోర్నియాలో పురావస్తువులు సేకరించే ఒక కలెక్టర్ దగ్గర అమెరికా కస్టమ్స్ పట్టుకున్న 89 వస్తువుల కోసం పెరూ కోర్టుకెక్కింది. పురావస్తువులు ప్రభుత్వానివేనని 1929లోనే చట్టం చేసుకున్న దేశం అది. పెరూ తెచ్చిన నిపుణుడు కోర్టులో వస్తువులను చూసి ఇవి మావేనన్నాడు. అదే శైలి సరుకు ఈక్వడార్, బొలీవియాల్లోనూ దొరుకుతుంది, ఇవి పెరూ నేలలోంచే వచ్చాయని రుజువేది అన్నాడు జడ్జి. కలెక్టర్ మంచి నమ్మకంతోనే కొన్నాడని కూడా తేల్చాడు. 1989లో కేసు పోయింది.

దొంగ తవ్వకానికి రికార్డు ఎవరు రాసిపెడతారు? తవ్వినవాడు రాయడు, కొన్నవాడు అడగడు.

1990లో సిపాన్ ప్రాంతపు వస్తువుల దిగుమతిని అమెరికా అత్యవసరంగా ఆపింది. 1997 ఒప్పందంతో ఆ నిషేధం మిగతా పురావస్తువులకూ పాకింది. అయితే అది అమెరికా సరిహద్దుకే, అదీ అప్పటినుంచి వచ్చే సరుకుకే. అంతకుముందే దేశం దాటిన కుండలు ఇప్పుడు పాత కలెక్షన్ల పేరుతో తిరుగుతున్నాయి.

వేలం జాబితాలో మాత్రం ఫొటో కింద ‘మోచె, ఉత్తర తీరం, పెరూ’ అని అచ్చేస్తారు. ధర పలికేది ఆ మాటకే.