అలారం చవకైన నాటి నుంచీ ఉన్న గొడవ

ప్లాంటు కంట్రోల్ రూమ్ తెర మీద ఏది అలారంగా రావాలి, ఏది మామూలు మెసేజ్‌గా మిగలాలి అన్న తగువు మళ్ళీ రాజుకుంది. ఆపరేటర్లు జాబితా తగ్గించమంటున్నారు. సేఫ్టీ విభాగం ఒక్కటి తీయడానికీ ఒప్పుకోవడం లేదు. ఈ చర్చ వస్తే అందరూ 1979లో అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగిన ప్రమాదంతో మొదలుపెడతారు. వందకు పైగా అలారాలు మోగడం, వాటిని అచ్చువేసే ప్రింటర్ రెండున్నర గంటలకు పైగా వెనకబడిపోవడం తెలిసిన కథే. నన్నడిగితే అసలు మలుపు అంతకు నాలుగేళ్ళ ముందే, చడీచప్పుడూ లేకుండా వచ్చింది.

1975లో హనీవెల్ టీడీసీ 2000, యోకోగావా సెంటమ్ మార్కెట్లోకి వచ్చాయి. ప్లాంటును కంప్యూటర్ తెర మీంచి నడిపే ఏర్పాటును ఇప్పుడు మనం డీసీఎస్ (డిస్ట్రిబ్యూటెడ్ కంట్రోల్ సిస్టమ్) అంటున్నాం, అది వాటితోనే మొదలు. అప్పటిదాకా అలారమంటే ప్యానెల్ మీద ఒక బిళ్ళ. అక్షరాలు చెక్కిన పలక, వెనక బల్బు, అక్కణ్ణుంచి ప్లాంటులోని స్విచ్ దాకా వైరు. ఇంకొకటి పెట్టాలంటే స్విచ్ కొనాలి, కేబుల్ లాగాలి, ప్యానెల్‌లో చోటు వెతకాలి. చోటు లేకపోతే ఉన్నవాటిలో ఒకదాన్ని పీకాలి. అందుకే ‘ఇది మోగితే ఆపరేటర్ ఏం చేస్తాడు?’ అని ఎవరో ఒకరు అడగక తప్పేది కాదు. పైగా ఆ బిళ్ళ ఎప్పుడూ ఉన్నచోటే ఉండేది. పై వరసలో ఎడమ చివరిది వెలిగిందంటే చదవక్కర్లేదు, అదేమిటో తెలిసిపోయేది.

డీసీఎస్‌తో ఆ ఖర్చు పోయింది, దాంతోపాటే ఆ ప్రశ్నా పోయింది. ఒక లెవెల్ ట్యాగ్ (మట్టం కొలతకు సిస్టమ్‌లో ఉన్న పేరు) తెరిస్తే హై, హైహై, లో, లోలో, డీవియేషన్, రేట్ ఆఫ్ చేంజ్, బ్యాడ్ పీవీ (కొలతే చెడిపోవడం) అలారాలన్నీ సిద్ధంగా ఉంటాయి. అంకె కొడితే సరి. ప్లాంటులో ఏం తప్పు జరగొచ్చో వెతికే హజాప్ సమావేశంలో ఒక ముప్పు బయటపడిందా, ‘అలారం ఇవ్వాలి’ అని రాస్తే ఆ అంశం మూసేసినట్టే. పైపు మార్చడం కన్నా ఎంతో చవక. విడిగా చూస్తే ఏ ఒక్కటీ తప్పనిపించదు.

కుర్చీలో కూర్చున్నవాడికి ఇది ఎలా ఉంటుందంటే, ట్యాంకులో మట్టం 80 శాతం దగ్గర ఊగుతోంది. హై అలారమూ 80 దగ్గరే, డెడ్‌బ్యాండ్ (అలారం వచ్చే అంకెకూ పోయే అంకెకూ మధ్య వదిలే తేడా) సున్నా. 80.1కి వస్తుంది, 79.9కి పోతుంది, మళ్ళీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఒక హారన్, తెర మీద కొత్త వరస. ‘పంపు స్టార్ట్ అయింది’, ‘రిపోర్ట్ ప్రింట్ అయింది’ లాంటి మెసేజ్‌లూ అదే విండోలో, అదే రంగులో దొర్లిపోతుంటాయి. కాసేపటికి చదవకుండానే చేతి వేలు ‘చూశాను’ అని చెప్పే అక్నాలెడ్జ్ బటన్ మీదకు పోతుంది. ప్రమాదం జరిగాక లాగ్ తీసి చూపిస్తారు: అలారం వచ్చింది, ఆపరేటర్ అక్నాలెడ్జ్ చేశాడు. దాని ముందూ వెనకా ఎన్ని వచ్చాయో చెప్పరు.

దీన్ని లెక్కలతో సహా బయటపెట్టింది వేల్స్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్. 1994 జులై 24 ఉదయం పిడుగుపాటుతో టెక్సాకో రిఫైనరీలో ఒడిదుడుకులు మొదలయ్యాయి, మధ్యాహ్నానికి పేలుడు. 26 మంది గాయపడ్డారు. చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చిపడ్డాయి, రెండు మూడు సెకన్లకు ఒకటి చొప్పున. మూసుకుపోయిన వాల్వు తెర మీద తెరిచి ఉన్నట్టు కనిపించింది. అక్కడున్న 2,040 అలారాల్లో 87 శాతం ‘హై ప్రయారిటీ’వేనని బ్రిటన్ భద్రతా నియంత్రణ సంస్థ హెచ్‌ఎస్‌ఈ తేల్చింది. అన్నీ ముఖ్యమైనవే అయితే ఇక ప్రయారిటీ అన్న మాటెందుకు?

ఆ తర్వాత అలారాల నిర్వహణకు మార్గదర్శకాలు, ప్రమాణాలు వచ్చాయి: 1999లో ఈమువా 191, 2009లో ఐఎస్‌ఏ 18.2, 2014లో ఐఈసీ 62682. పాత ప్యానెల్ నాటి ప్రశ్నకే ఇవి నిర్వచనం రూపమిచ్చాయి: ఆపరేటర్ సకాలంలో ఏదో ఒకటి చేయాల్సి వస్తేనే అది అలారం. తక్కినవి మెసేజ్‌లు, వాటికి వేరే జాబితా. మామూలు రోజుల్లో పది నిమిషాలకు సగటున ఒకటి దాకా ఫరవాలేదు. అదే పది నిమిషాల్లో పదికి మించితే వరద కిందే లెక్క. ప్రయారిటీల్లో అత్యవసరమైనవి 5 శాతం దగ్గర ఉంటే చాలు.

సేఫ్టీ విభాగం భయం ఉత్తదేమీ కాదు. ముప్పును ఆపే రక్షణ పొరలు సరిపోతాయా అని చూసే ‘లోపా’ (LOPA) లెక్కల్లో కొన్ని అలారాలను ఒక పొరగా చూపి ఉంటారు. అలాంటిదాన్ని తీసేస్తే లెక్క మొత్తం తిరగరాయాలి. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పేలిన చమురు రిగ్ డీప్‌వాటర్ హొరైజన్‌లో జనరల్ అలారం దానంతటది మోగకుండా ఆపి ఉంచారని 2010 విచారణలో వచ్చిన సాక్ష్యాన్నీ వాళ్ళు గుర్తుచేస్తారు. ఎందుకు ఆపారో కూడా ఆ సాక్ష్యంలోనే ఉంది: తప్పుడు అలారాలకు అర్ధరాత్రి జనం నిద్ర లేవకూడదని.

గడువు పెట్టి, జాబితాలో కనిపించేలా అలారాన్ని పక్కన ఉంచే షెల్వింగ్‌ను రెండు పక్షాలూ ఒప్పుకుంటున్నాయి. శాశ్వతంగా తీసేయడం దగ్గరే పేచీ. అలారం చేర్చడానికి హజాప్ మినిట్స్‌లో ఒక వాక్యం సరిపోయింది. తీయాలంటే మార్పు ఫారం మీద ఒకరు పేరు రాసి సంతకం పెట్టాలి, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.