స్పామ్ ఫోల్డర్ చెత్తబుట్ట కాదు: మెయిల్ సర్వర్‌పై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల, రాణిగంజ్ వైపు చిన్న కంపెనీలకు మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా పని. పది మంది ఉన్న ఆఫీసైనా, రెండు వందల మంది ఉన్న ఫ్యాక్టరీ అయినా ఫోన్ చేసి అడిగేది ఒకటే: "సార్, మెయిల్‌బాక్స్ నిండిపోయింది, ఏదో ఒకటి తీసేయండి." ఏది తీయాలో, ఏది ఉంచాలో తేల్చే దగ్గరే అందరూ పొరబడతారు. ఎక్కువగా వినే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: స్పామ్ ఫోల్డర్‌లో ఉన్నదంతా చెత్తే. నెలకోసారి దానంతట అదే ఖాళీ అయిపోతే మంచిది.

వాస్తవం: జీడిమెట్లలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక యూనిట్ ఉంది. పుణె కస్టమర్ ఒకాయన పీఓ (కొనుగోలు ఆర్డర్) పంపి, ఐదు వారాల తర్వాత "మాల్ ఎప్పుడు పంపుతున్నారు?" అని ఫోన్ చేశాడు. అకౌంట్స్ మేడమ్ "మాకసలు ఆ మెయిలే రాలేదండీ" అన్నారు. నేను సర్వర్ లాగ్ తెరిచి చూస్తే మెయిల్ వచ్చింది. చెత్త మెయిళ్లను పట్టే స్పామ్‌అసాసిన్ అనే ప్రోగ్రాం దానికి 5.3 మార్కులు వేసింది. మామూలుగా హద్దు 5. ఆ 0.3 తేడాతో మెయిల్ జంక్ (స్పామ్) ఫోల్డర్‌లో పడింది. 30 రోజులు అక్కడే ఉంది. ఆ తర్వాత సర్వర్ నియమం ప్రకారం దాన్ని చెరిపేసింది.

మరి అన్ని రోజులూ ఎవరూ ఎందుకు చూడలేదు? మేడమ్ మెయిల్ చూసే ఔట్‌లుక్ ప్రోగ్రాంలో అకౌంట్ పాప్ పద్ధతిలో, అంటే మెయిళ్లను కంప్యూటర్‌లోకి దించుకునే పద్ధతిలో, పెట్టి ఉంది. పాప్‌కు ఇన్‌బాక్స్ ఒక్కటే కనిపిస్తుంది. సర్వర్ మీద జంక్ అనే ఫోల్డర్ ఉందన్న సంగతే ఆమె కంప్యూటర్‌కు తెలియదు. ఇందులో ఆమె తప్పేమీ లేదు. ఎవరు పాప్ వాడుతున్నారో, ఎవరు ఐమ్యాప్ (సర్వర్‌లోని ఫోల్డర్లన్నీ చూపించే పద్ధతి) వాడుతున్నారో చూసుకోకుండా 30 రోజుల నియమం పెట్టింది నేను. ఆ పీఓ తర్వాత ఎలా దొరికిందో కింద చెప్తాను.

ఇక్కడ అర్థం చేసుకోవాల్సింది మార్కుల సంగతి. మెయిల్ హెడర్ (ఎవరి నుంచి, ఏ దారిలో వచ్చిందో చెప్పే పైభాగం) తేడాగా ఉంటే కొంత, పంపిన సర్వర్ బ్లాక్‌లిస్ట్‌లో ఉంటే కొంత, మెయిల్ లోపల మాటలకు బదులు ఒక్క బొమ్మే ఉంటే ఇంకొంత, ఇలా చిన్న చిన్న నియమాల మార్కులన్నీ కూడితే ఆ అంకె వస్తుంది. 5.3 వచ్చిన పీఓ, 25 వచ్చిన లాటరీ మెయిల్ రెండూ జంక్‌లో పక్కపక్కనే కూర్చుంటాయి. సర్వర్ అక్కడ పెట్టింది అంటే అనుమానించింది అని మాత్రమే. తేల్చాల్సింది మనిషే.

అందుకే ఇప్పుడు రెండు గీతలు గీస్తున్నాను. 15 దాటితే గుమ్మంలోనే తిప్పి పంపడం. అలా తిప్పినప్పుడు పంపినవాళ్లకు బౌన్స్ మెయిల్ వెళ్తుంది, నిజమైన కస్టమర్ అయితే ఫోన్ చేస్తాడు. తీసుకుని నిశ్శబ్దంగా పారేస్తే ఇటూ తెలియదు, అటూ తెలియదు. 5కీ 15కీ మధ్య ఉన్నవి జంక్‌లో 90 రోజులు ఉంటాయి. రోజూ ఉదయం ఆ ముందు రోజు జంక్‌లో పడ్డ మెయిళ్ల పేర్లు, సబ్జెక్ట్‌లు ఒక జాబితాగా ఇన్‌బాక్స్‌కు వస్తాయి. పాప్ వాడేవాళ్లకు కూడా అది చేరుతుంది. చూడటానికి రెండు నిమిషాలు చాలు.

అపోహ: ఔట్‌లుక్‌లో "జంక్ కాదు" అని నొక్కాను కదా, ఇక సర్వర్ నేర్చుకుంటుంది.

వాస్తవం: ఔట్‌లుక్‌కు, థండర్‌బర్డ్‌కు వాటి సొంత జల్లెడలు ఉన్నాయి. మీరు అక్కడ నొక్కినది చాలాసార్లు ఆ కంప్యూటర్ వరకే. జంక్ నుంచి ఇన్‌బాక్స్‌కు మెయిల్ జరిపినప్పుడు సర్వర్ జల్లెడకు చెప్పాలంటే దాన్ని ప్రత్యేకంగా అమర్చాలి. మీ అడ్మిన్‌ను అడగండి, చాలా చోట్ల అది చేసి ఉండదు. చేసినా ఒక్క రోజులో ఫలితం రాదు. స్పామ్‌అసాసిన్‌లో బేయీస్ అనే, మెయిళ్లు చూసి నేర్చుకునే జల్లెడ మార్కులు వేయడం మొదలు పెట్టాలంటే కనీసం 200 చెత్త మెయిళ్లు, 200 మంచి మెయిళ్లు చూసి ఉండాలి. అందరూ చెత్తను మాత్రమే చూపిస్తారు. మంచివి కూడా చూపించకపోతే మీ వ్యాపారంలో నడిచే భాష ఏదో దానికి ఎలా తెలుస్తుంది? కొటేషన్, డిస్పాచ్, పేమెంట్ అడ్వైస్, తెలుగులో రాసిన డీలర్ల మెయిళ్లు, ఇవన్నీ మంచి వైపు వేసి నేర్పించాలి.

అపోహ: డిలీట్ కొట్టాను, జాగా వచ్చేసింది.

వాస్తవం: ఐమ్యాప్‌లో డిలీట్ అంటే ముందుగా ఒక గుర్తు పెట్టడమే. సర్వర్ మెయిళ్లను మెయిల్‌డైర్ అనే పద్ధతిలో దాస్తే ఒక్కో మెయిల్ ఒక్కో ఫైల్. ఆ ఫైల్ పేరు చివర కామా తర్వాత అక్షరాలు ఉంటాయి. ఎస్ అంటే చదివేశారు, ఆర్ అంటే జవాబిచ్చారు, టీ అంటే డిలీట్ గుర్తు పడింది. టీ పడ్డ ఫైల్ కూడా డిస్కు మీద అదే బరువుతో ఉంటుంది. ఎక్స్‌పంజ్ (గుర్తు పడ్డవాటిని నిజంగా తీసేయడం) జరిగాకే అది పోతుంది. చాలా ప్రోగ్రాములు డిలీట్ చేసిన మెయిల్‌ను ట్రాష్‌లోకి మారుస్తాయి. మీ సర్వర్‌లో ట్రాష్‌ను ప్రత్యేకంగా మినహాయించకపోతే అది కూడా మీ కోటాలోకే (మీకు కేటాయించిన జాగాలోకే) లెక్క. కూకట్‌పల్లిలో ఒక ఆఫీసులో 2 జీబీ కోటా నిండి మెయిళ్లు ఆగిపోతే, అందులో సగానికి పైగా ట్రాష్‌లోనే ఉంది. పాపం ఆయన రెండు రోజులు కూర్చుని డిలీట్ చేస్తూనే ఉన్నారు. ఇక డవ్‌కాట్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రాంలో ఎండీబాక్స్ పద్ధతి (ఒక్కో ఫైల్‌లో చాలా మెయిళ్లు) వాడితే, ఎక్స్‌పంజ్ అయ్యాక కూడా పర్జ్ అనే శుభ్రం చేసే ఆదేశం నడిపిస్తేనే జాగా తిరిగొస్తుంది.

అపోహ: స్పామ్ వల్లే డిస్కు నిండిపోతోంది.

వాస్తవం: చాలాసార్లు కాదు. ఎక్కువ బరువు సెంట్ ఫోల్డర్‌లో ఉంటుంది. 15 ఎంబీ డ్రాయింగ్ జత చేస్తే అది మెయిల్‌లో 20 ఎంబీ దాటుతుంది. మెయిల్‌లో వెళ్లడానికి ప్రతి మూడు బైట్లు నాలుగుగా మారతాయి కాబట్టి. దాన్నే ఆఫీసులో ఐదుగురికి పంపితే, మామూలుగా ఐదు కాపీలు, మీ సెంట్‌లో ఒకటి. ఒక్క డ్రాయింగ్‌కు 120 ఎంబీ పోయింది.

స్పామ్ దెబ్బ కొట్టేది వేరే చోట. ఒకసారి డిస్కులో 40 శాతం ఖాళీ కనిపిస్తుంటే సర్వర్ మాత్రం "జాగా లేదు" అంటూ కొత్త మెయిల్ తీసుకోలేదు. కాసేపు నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది. చూస్తే ఐనోడ్‌లు అయిపోయాయి. డిస్కు మీద ప్రతి ఫైల్‌కూ ఒక ఐనోడ్, అంటే లెక్క పుస్తకంలో ఒక గడి, కావాలి. లైనక్స్ డిస్కుల్లో వాడే ఈఎక్స్‌టీ4 పద్ధతిలో మామూలుగా ప్రతి 16 కేబీకి ఒక ఐనోడ్ ఇస్తారు, అంటే 100 జీబీ డిస్కుకు సుమారు 65 లక్షల ఫైళ్లు. లక్షల కొద్దీ చిన్న చిన్న స్పామ్ మెయిళ్లు, ఒక్కోటి ఒక్కో ఫైల్, బరువు తక్కువైనా లెక్క నింపేశాయి. డిస్కు సైజుతో పాటు ఐనోడ్‌ల లెక్క కూడా చూడండి.

అపోహ: మన డొమైన్ (మెయిల్ అడ్రస్‌లో @ తర్వాతి పేరు) నుంచి వచ్చే మెయిళ్లను వైట్‌లిస్ట్ చేస్తే, అంటే తనిఖీ లేకుండా వదిలేస్తే, మనవి స్పామ్‌లో పడవు.

వాస్తవం: దయచేసి ఈ పని చేయకండి. ఫ్రమ్ దగ్గర మీ డొమైన్ పేరు ఎవరైనా రాసుకోవచ్చు. ఎండీగారి పేరుతో "ఈ అకౌంట్‌కు అర్జెంట్‌గా డబ్బు పంపండి" అనే మోసం మెయిల్‌కు మీరే తలుపు తీసినట్టవుతుంది. మెయిల్ నిజంగా మీ డొమైన్‌దేనని రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ సరిగ్గా పెట్టుకుంటే మీ మెయిళ్లు వాటంతట అవే నిలబడతాయి. పెద్ద మొత్తంలో పంపేవాళ్లకు జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి ఈ మూడూ తప్పనిసరి చేసింది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: చట్టం ఉంది కాబట్టి మెయిల్ ఒక్కటీ తీయకూడదు.

వాస్తవం: జీఎస్‌టీ రికార్డులు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, నిజమే. కానీ అది రికార్డుల మాట. ఇన్‌వాయిస్‌లను మెయిల్ నుంచి బయటికి తీసి ఏడాదివారీగా భద్రపరచండి. 2022 ఏప్రిల్‌లో సర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ) చెప్పిన 180 రోజులు సర్వర్ లాగ్‌లకు, మెయిళ్లకు కాదు.

అపోహ: మెయిళ్లు ఫోన్‌లోనూ ఉన్నాయి, సర్వర్‌లో రెండు డిస్కులున్నాయి, ఇక బ్యాకప్ ఎందుకు?

వాస్తవం: ఐమ్యాప్ అద్దం లాంటిది. ఒక చోట చెరిపితే అన్ని చోట్లా చెరిగిపోతుంది. రెండు డిస్కుల్లో ఒకే సమాచారం రాసే రెయిడ్ కూడా అంతే, ఒక డిస్కు చెడిపోతే కాపాడుతుంది కానీ చెరిపేసినదాన్ని రెండో డిస్కులోనూ ఆ క్షణమే చెరిపేస్తుంది. బ్యాకప్ అంటే వేరే చోట, వేరే తేదీతో ఉన్న కాపీ. జాగా కోసం అందులో నుంచి జంక్‌ను తీసేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను తీయను. జీడిమెట్ల యూనిట్ మెయిళ్లకు రోజూ రాత్రి బ్యాకప్ తీసి మూడు నెలలు ఉంచుతున్నాం, జంక్‌తో సహా. పాత రాత్రి కాపీని పక్క సర్వర్‌లో తెరిచి వెతికితే ఆ పీఓ అందులో దొరికింది. ఫైల్ పేరు చివర ఎస్ లేదు, ఎవరూ తెరవనే లేదు. దాన్ని మేడమ్ ఇన్‌బాక్స్‌లో పెట్టేసరికి సాయంత్రం ఆరైంది. ఆమె ముందుగా పుణెకు ఫోన్ చేశారు.