కళ్లకు బురద ఎందుకు పూశాడు?

తిరుపతి,
డిసెంబరు

ప్రియమైన పిల్లలూ,

మొన్న సండే స్కూలు అయిపోయాక మీలో ఒక పాప అడిగింది: "కంట్లో దుమ్ము పడితేనే మండుతుందే, యేసయ్య ఆ గుడ్డివాడి కళ్లకు బురద ఎందుకు పూశాడు తాతా?"

ఎందుకో సువార్తలో లేదమ్మా, నేను కల్పించి చెప్పను. బురద మందు మాత్రం కాదు. మీ కంట్లో నలక పడితే నలపకండి, పసర్లు పోయనీయకండి. మంచినీళ్లతో కడుక్కోండి, తగ్గకపోతే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

యోహాను 9వ అధ్యాయం తీయండి. అది విశ్రాంతి దినం, యూదులు పని చేయని రోజు. బురద కోసం మన్ను కలిపి పిసకడం పరిసయ్యుల, అంటే నియమాల పట్టింపు ఎక్కువున్న యూదుల, లెక్కలో పని, అంటే తప్పు. పుట్టుగుడ్డికి చూపొస్తే సంతోషించాల్సింది పోయి, వాళ్లు ఆ తప్పునే పట్టుకున్నారు. అమ్మానాన్నలను పిలిపించారు, చూపొచ్చిన ఆయన్ను రెండుసార్లు ప్రశ్నించారు, చివరికి వెలివేశారు.

ఈ చలికి తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు అద్దం చూశారా? కిటికీలన్నీ మూసేస్తే అందరి ఊపిరి తేమ చల్లటి అద్దానికి లోపలివైపు పట్టేస్తుంది. వైపర్ ఎంత తిప్పినా దారి కనపడదు, అది తుడిచేది బయట కదా! లోపల గుడ్డతో తుడవాలి, ఒక కిటికీ కాస్త తీయాలి. పరిసయ్యులకు ధర్మశాస్త్రం కంఠతా వచ్చు, వైపర్ బాగానే తిరుగుతోంది. కానీ మసక పట్టిందని ఒప్పుకున్న డ్రైవరే గుడ్డ చేతికి తీసుకుంటాడు. "చూస్తున్నాం" అంటున్నారు కాబట్టే మీ పాపం నిలిచి ఉంది అని 41వ వచనంలో యేసు వాళ్లతో అన్నాడు.

ఆయన ఎవరి పాపం వల్ల ఇలా గుడ్డివాడిగా పుట్టాడని శిష్యులూ అడిగారు. మన వీధిలోనూ "ఏ జన్మలో పాపమో" అంటుంటారు. చూపులేని బిడ్డ ముందు ఎవరైనా ఆ మాటంటే, పెద్దవాళ్లైనా సరే, 3వ వచనం చదివి వినిపించండి. వాడూ కాదు, వాడి కన్నవాళ్లూ కాదు అన్నాడు యేసు.

నాకు ఇష్టమైనది ఆ గుడ్డివాడి నడక. చూపు ఇంకా రాలేదు. కళ్లమీద బురదతోనే, యేసు కడుక్కోమన్న సిలోయము కోనేటికి వెళ్లాడు. 2004లో యెరూషలేములో మురుగు పైపు పనిచేస్తుంటే ఆ కోనేటి రాతిమెట్లు బయటపడ్డాయి. గీహోను ఊట నీళ్లు కొండలో తొలిచిన 533 మీటర్ల సొరంగంలోంచి అక్కడికి వస్తాయి. ఈసారి కపిలతీర్థం వైపు వెళ్తే కోనేటి మెట్ల దగ్గర కాసేపు ఆగండి. కళ్లు మూసుకుని అలాంటి మెట్లు దిగడం ఎలా ఉంటుందో ఊహించుకోండి.

తర్వాత పెన్సిల్ తీసుకుని 11, 17, 33, 38 వచనాల కింద గీత గీయండి. చూపొచ్చిన ఆయన యేసును ఒక్కోసారి ఏమన్నాడో రాసుకుని ఆదివారం తీసుకురండి.

మీ తాత