పేరు దినారే, లెక్క వేరు: ట్యునీషియా కరెన్సీపై అపోహలు – వాస్తవాలు

విదేశీ మారకం కౌంటర్‌లో ఇన్నేళ్లుగా పనిచేస్తున్నా ట్యునీషియా వెళ్లేవాళ్లు నా దగ్గరకు వచ్చింది తక్కువే. వచ్చినవాళ్లలో చాలామంది అడిగినవి మాత్రం ఇవే.

అపోహ: దినార్ చాలా ఖరీదు.

కడప, గోదావరి జిల్లాల నుంచి ఎంతోమంది కువైట్ వెళ్లడంతో మనవాళ్లకు దినార్ అంటే కువైట్ దినారే. అది మూడు డాలర్లకు పైమాట. ట్యునీషియా దినార్ అందుకు తలకిందులు: ఒక్క డాలరుకే సుమారు మూడు వస్తాయి. 1960లో ఫ్రాంకు స్థానంలో, 1,000 ఫ్రాంకులకు ఒకటి చొప్పున చలామణిలోకి వచ్చినప్పుడు ఇదీ రెండు డాలర్లకు పైనే పలికేది. ఆ పేరు రోమన్ల డెనారియస్ అనే నాణెం నుంచి వచ్చింది. మన పద్యాల్లోని దీనార టంకాలదీ అదే వంశం.

అపోహ: 12,500 అంటే పన్నెండున్నర వేలు.

కాదు, పన్నెండున్నర దినార్లు. దినార్‌కు 100 కాదు, 1,000 మిల్లీమ్‌లు. అందుకే కామా తర్వాత మూడు అంకెలు వేస్తారు. మనకు కామా వేలను విడదీసే గుర్తు, వాళ్లకు అదే దశాంశ బిందువు. హోటల్ బిల్లు చూసి గుండె గుభేలుమన్నదని తిరిగొచ్చిన ఒక పెద్దాయన నాతో చెప్పారు. బజారులో ఇంకో తిరకాసు ఉంది: బేరంలో ‘పది వేలు’ అన్నారంటే పది వేల మిల్లీమ్‌లని, అంటే పది దినార్లేనని అర్థం. మిల్లీమ్‌లు కాగితం లెక్కకే పరిమితం అనుకోకండి. ప్రభుత్వ రాయితీతో అమ్మే పొడవాటి రొట్టె ధర ఏళ్ల తరబడి 190 మిల్లీమ్‌లే. చిల్లర ఉంచుకోండి.

అపోహ: అరబ్ దేశం కదా, నోట్ల మీద పాలకుల బొమ్మలే ఉంటాయి.

ఒకప్పుడు ఆ దేశపు తొలి అధ్యక్షుడు బుర్గీబా బొమ్మ ఉండేది నిజమే. కానీ 2020లో వచ్చిన 10 దినార్ల నోటు మీద ఉన్నది తౌహిదా బెన్ షేక్, ఆ దేశపు తొలి మహిళా వైద్యురాలు. 1936లో పారిస్‌లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆ నోటంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం.

అపోహ: దినార్లు ఇక్కడే కొనుక్కుని వెళ్లవచ్చు.

దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. దినార్లను దేశంలోకి తేవడం, బయటికి తీసుకుపోవడం రెండూ అక్కడి చట్టం ప్రకారం నిషేధం. ఎవరైనా అమ్ముతామంటే నమ్మకండి. యూరోలో డాలర్లో పట్టుకెళ్లి అక్కడి విమానాశ్రయంలోనో బ్యాంకులోనో మార్చుకోండి. పెద్ద మొత్తమైతే దిగగానే కస్టమ్స్‌కు చెప్పి కాగితం తీసుకోండి. మార్చుకున్న ప్రతిసారీ ఇచ్చే రసీదు పాస్‌పోర్టులోనే పెట్టుకోండి. మిగిలిన దినార్లను తిరుగు ప్రయాణంలో యూరోలుగా మార్చుకోవాలంటే ఆ రసీదే ఆధారం. పోగొట్టుకున్న ఒకావిడ చేతిలో మిగిలిన డబ్బంతా విమానాశ్రయంలోనే ఖర్జూరాలకూ ఆలివ్ నూనెకూ ఖర్చుపెట్టి వచ్చారు. అందుకే ఒకేసారి అంతా మార్చకండి, రెండు మూడు రోజుల ఖర్చుకు సరిపడా చాలు.